సరేసా? సురేసా?

"సరేసు తెచ్చీసేనురోయ్ గురునాథం!"

గేటు బయట స్కూటరు ఇంకా దగ్గుతుండగానే త్రినాథరావు వేసిన కేక అది. కేకలో తప్పేమీ లేదు. చరోదా రైల్వే యార్డులో ఇరవయ్యేళ్ళపాటు గూడ్సు బళ్ళకి సైతం వినబడేలా అరిచి సానపట్టిన గొంతు. తప్పంతా కుక్కరుది. సరిగ్గా ఆ క్షణానే వంటింట్లో రెండో కూత వేసి, కేకలోని మొదటి అక్షరానికి ఓ కొమ్ము తగిలించి మరీ లోపలికి పంపింది. "స" కాస్తా "సు" అయింది.

అంతే. సరేసనే జిగురు సురేసనే మనిషయింది.

"సురేసు తెచ్చీసేను" అంటే వ్యాకరణం కుదరదు కదా అని మీరనవచ్చు. రెండేళ్ళ అయిదు నెలలుగా ఒక్క పేరు కోసం చెవులు రిక్కించుకుని ఉన్న తల్లి విభక్తుల కోసం ఆగుతుందా? సురేసుని తీసుకొచ్చారనే గురునాథరావు భార్య కుముదిని విన్నది. గోడకి అవతల ఎండలో కూర్చుని జుట్టు ఆరబెట్టుకుంటున్న పోలమ్మ కూడా అలాగే విన్నది. విన్నది ఒక్కచోట ఉంచుకోవడం పోలమ్మకి అలవాటు లేదు. భర్త అప్పలసూరి భిలాయి ఉక్కు ప్లాంటులో క్రేను నడుపుతాడు. బరువులు ఇక్కణ్ణించి అక్కడికి చేరవెయ్యడం ఆ ఇంటి వృత్తి.

"ఓలమ్మో! సురేసొచ్చీసేడర్రా! గురునాథరావు గారి కుర్రోడు సురేసొచ్చీసేడు!"

జిగురు ఆరేలోగా వీధి ఆరా తియ్యడం మొదలుపెట్టింది.

ఒక్క గురునాథరావుకే సరిగ్గా వినబడింది. ఈ మధ్య అతనికి అన్నీ సరిగ్గానే వినబడుతున్నాయి. ఏదీ లోపలికి మాత్రం వెళ్ళడం లేదు.

పోయిన వారం మనం అతన్ని వెనక వసారాలో, బొమ్మ రైలు మూడో పెట్టె ముందు, పైకప్పు విప్పి చేత పట్టుకున్నవాణ్ణి పట్టుకున్నట్టే వదిలేసి వచ్చాం. ఇప్పటికీ అలాగే ఉన్నాడు. ప్లాంటులో అతనిది ప్యాటర్న్ షాపు. ఇనుము పోత పొయ్యడానికి ముందు కర్రతో నమూనా చెక్కే చోటు. అక్కడ చార్జ్‌మన్. ఇంటి దగ్గర మాత్రం మూరెడేసి పెట్టెలతో వాల్తేరు పాసింజరు కడుతున్నాడు. డిసెంబరులో క్లబ్బువారి ప్రదర్శనలో అది గుండ్రటి పట్టాల మీద తిరగాలి. మూడో పెట్టెలో నలభై సీట్లు. అంకుడు కర్రతో చెక్కి రంగులేసిన మనుషులు, బొటనవేలి కణుపంతేసి వాళ్ళు, ముప్ఫై తొమ్మిది మంది. కిటికీ పక్కన ఒక సీటు ఖాళీ. ఆ సీటు తాలూకు నలభయ్యోవాడు, గళ్ళ చొక్కా కుర్రాడు, మూడు వారాలుగా గురునాథరావు జేబులో టిక్కెట్టు లేని ప్రయాణం చేస్తున్నాడు. వాణ్ణి పెట్టెలో ఎక్కిస్తే వెళ్ళిపోయినట్టు. ఎక్కించకపోతే సీటు ఖాళీ. కథ అక్కడ ఆగింది.

ఆ గళ్ళ చొక్కా ఎవరిదో మొదటినించీ చదువుతున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. మధ్యలో ఎక్కినవాళ్ళకి రెండు ముక్కలు. ఎనభై ఒకటి జూన్‌లో, ప్లాంటు అప్రెంటిస్ పరీక్షలోంచి కొడుకు సురేసు మూడోసారి సగంలో లేచి వచ్చేశాడు. ఆ సాయంత్రం గేటు ముందు, వీధి వీధంతా వింటుండగా, గురునాథరావు అన్నాడు: "ఇంట్లో అతకవు. ప్లాంటులో అతకవు. నువ్వెక్కడా అతకవురా!" తెల్లవారేసరికి కుర్రాడు లేడు. గళ్ళ చొక్కా వేసుకుని దుర్గు స్టేషనులో బండెక్కాడని ఎవరో చూసి చెప్పారు. ఉత్తరం ముక్క లేదు.

వాడి రాత మాత్రం ఇంట్లో మిగిలింది. వంటింటి డబ్బాల మీద "కందిపప్పు", "చింతపండు" అని వాడు పదేళ్ళ వయసులో రాసి అతికించిన చీటీలు. భిలాయిలో పుట్టి హిందీ బడిలో చదివినవాడు. తెలుగు అక్షరాలు తల్లి నేర్పింది. నేర్చాడు గానీ, హిందీలోలాగా మాట నెత్తిన పొడుగ్గా ఒక గీత గీస్తే తప్ప వాడికి మాట పూర్తయినట్టు ఉండేది కాదు. తలకట్టు చాలదురా, తలగీత కూడానా అని కుముదిని నవ్వేది. అది ఆవిడ నవ్వే రోజుల నాటి మాట.

హిందీవాళ్ళు దుఃఖాన్ని గమ్ అంటారు. ఇంగ్లీషువాళ్ళు బంకని గమ్ అంటారు. నోరు మూసుకుని కూర్చోవడాన్ని మనవాళ్ళు గమ్మునుండటం అంటారు. ఆ క్వార్టర్లో మూడూ ఒకే సీసాలో ఉండేవి. భార్య "అన్నం" అనేది. భర్త వచ్చి తినేవాడు. భర్త "షిఫ్టు" అనేవాడు. భార్య తలుపు వేసుకునేది. ఏడవడం కూడా ఎప్పుడో ఆగిపోయింది. ఏడవడానికైనా ఎక్కడో కొంచెం నొప్పి తెలియాలి కదా.

ఆ తెలియనితనంలోనే గురునాథరావు రైలు మొదలుపెట్టాడు. చేతులు వాటంతటవే పనిచేస్తాయి. మనిషిని పిలవవు. పెట్టెలు కుదిరాయి, చక్రాలు కుదిరాయి. కుదురుగా కూర్చోనిది ప్రయాణికులే. బండి మలుపు తిరిగితే చాలు, అందరూ ఒకరి ఒళ్ళో ఒకరు.

మొదట మైదా ఉడకబెట్టి అంటించాడు. వారం తిరిగేసరికి బొద్దింకలు వచ్చి మైదాతోబాటు రెండో వరసవాళ్ళ పాదాలు కూడా రుచి చూసి వెళ్ళాయి. తుమ్మబంక పెట్టాడు. మే నెల భిలాయి ఎండకి అది గాజుపెంకులా పగిలి, పెట్టె తట్టగానే పదిహేను మంది ఒకేసారి లేచి నిలబడ్డారు, స్టేషనొచ్చిందన్నట్టు. సైకిలు పంక్చరువాడి సొల్యూషన్ తెచ్చాడు. పేరుకే సొల్యూషన్, చూస్తే అదే సమస్య. మనుషులు పడిపోలేదు గానీ, ఆ రబ్బరు సాగి సాగి, బండి కదిలితే పెట్టెడు జనమూ భజనలో ఊగినట్టు ఊగారు. చివరికి ప్లాంటులో ఎవరో రెండు ట్యూబుల మందు ఇచ్చారు, ఇందులోది కాస్తా అందులోది కాస్తా కలిపితే రాయవుతుందని. పరీక్షకి టిక్కెట్టు కలెక్టరుని నిలబెట్టి అంటించాడు. చెయ్యి జారి మొహం అటు తిరిగింది. తిప్పబోతే కాళ్ళు విరిగాయి గానీ పాదాలు కదల్లేదు. విరిగిన కాళ్ళకి అదే మందు రాసి మళ్ళీ నిలబెట్టాడు. ఇప్పటికీ ఆ అధికారి మరుగుదొడ్డి తలుపు కేసి చూస్తూ విధులు నిర్వహిస్తున్నాడు.

ఆ ట్యూబులకి మూతలు బిగించి గురునాథరావు పక్కన పెట్టేశాడు. వదలని జిగురు ఎలా ఉంటుందో అతనికి తెలుసు. ఒకసారి గేటు ముందు వాడాడు.

"వదలమంటే వదిలే జిగురుందా?" అని త్రినాథరావుని అడిగాడు ఆ సాయంత్రం.

"లేకేటి? సరేసు. పాతకాలం కర్ర పెట్టెలన్నీ దాంతోనే కట్టీవోరు. వేడినీళ్ళు తగిలితే వదిలెస్తాది. సల్లారితే మళ్ళీ పట్టెస్తాది. ఇప్పుడెవడూ వాడ్డంలేదు బావా, ఎక్కడైనా దొరికితే పట్టుకొస్తాను."

పట్టుకొచ్చాడు. కేక వేశాడు. కుక్కరు కొమ్ము తగిలించింది.

ఇదీ సంగతి. ఇప్పుడు గేటు దగ్గరికి వెళ్దాం.

కుముదిని గోధుమపిండి చేతులతోనే బయటికి వచ్చింది. వస్తూ వస్తూ అటక మీది స్టీలు కంచం దించుకుని వచ్చింది. అంచున "సురేష్" అని చుక్కలు చుక్కలుగా చెక్కించిన కంచం, వాడి అన్నప్రాశననాటిది. త్రినాథరావుని చూసింది. త్రినాథరావుని దాటి స్కూటరుని, స్కూటరుని దాటి రోడ్డుని, ఆ చివర మలుపు దాకా చూసింది.

"ఏడి అన్నయ్యా? వెనకాల వస్తున్నాడా?"

స్కూటరు ఆగితే మళ్ళీ అంటుకోదని త్రినాథరావు ఇంజను ఆపలేదు. ఆ రొదలో అతనికి సగం వినబడింది. మిగతా సగం తన దగ్గరున్న సరుకుతో పూరించుకున్నాడు.

"వెనకాలెందుకమ్మా, సేతిలోనే ఉంది."

"ఎక్కడ దొరికాడు?"

"దొరకడం కష్టమే అయింది చెల్లెమ్మా. ఎన్ని ఊళ్ళు అడిగించేనో!"

"చిక్కిపోయాడా?"

"సిక్కదనానికేటి, బెమ్మాండంగా ఉంది!"

"నల్లబడ్డాడా అన్నయ్యా?"

"కొంచెం నలుపే. ఉడకబెడితే తేనెరంగు తిరిగిపోద్ది."

కుముదిని కంచం గుండెకి అదుముకుంది. ఉడకబెట్టడం అన్నమాట ఆవిడకి వినబడలేదో, వినబడ్డా మనిషికి స్నానం పొయ్యడం అనుకుందో! పోలమ్మకి మాత్రం వినబడింది.

"ఉడకబెట్టడమేటి బాబూ, కుర్రోణ్ణి?"

కానీ పోలమ్మ అప్పటికే ఆలస్యం చేసింది. అంతకుముందు చేరవేసిన బరువు వీధి చివరిదాకా వెళ్ళి మనుషుల్ని తీసుకుని తిరిగి వస్తోంది. ఆదివారం, నవంబరు ఎండ, అందరూ బయటే ఉన్నారు. నైట్ షిఫ్టు చేసి పడుకున్న అప్పలసూరి లుంగీ ఎగ్గట్టుకుంటూ వచ్చాడు. ఎదురు క్వార్టరు సాహూ దీదీ అప్పుడే వేయించిన ఠేఠరీ పళ్ళెంతో సహా వచ్చింది. శనగపిండి చుట్టలు ఇంకా నూనెతో మెరుస్తున్నాయి.

"బధాయీ హో బహన్! కహాఁ హై హమారా సురేష్?" అని, మన సురేష్ ఏడని వెతుక్కుంటూ ఒక చుట్ట తీసి కుముదిని నోట్లో పెట్టేసింది.

రెండు నిమిషాల్లో గేటు ముందు ఇరవై మంది. రెండేళ్ళ అయిదు నెలల క్రితం నిలబడ్డవాళ్ళే, ఇంచుమించు అప్పుడు నిలబడ్డచోట్లే.

అప్పుడు గురునాథరావు బయటికి వచ్చాడు.

పైకప్పు బల్ల మీద పెట్టి, వసారా దాటి, నడవా దాటి వచ్చేటప్పటికే అతనికి జరిగిందంతా అర్థమయింది. అర్థమవడం అతనికి కష్టం కాదు. భార్య చేతిలో కంచం కనబడింది. ఆవిడ బుగ్గలో ఠేఠరీ కనబడింది, నమలడం ఆగిపోయి. అందరి మొహాల్లో నవ్వు కనబడింది. అతనికి గట్టిగా తోచింది ఒక్కటే: కుడిచేతి వేళ్ళ కొసలమీద ఎండిపోయిన పాత జిగురు పొర ఉంది, గీకాలి. ఆ పొర ఉన్నన్నాళ్ళూ ఏది పట్టుకున్నా పట్టుకున్నట్టుండదు. బొటనవేలితో చూపుడువేలు గీకుతూ గడపలో నిలబడ్డాడు.

"బాబుగారూ! సురేసేడండీ?" అని అడిగింది పోలమ్మ.

గురునాథరావు వేలు గీకుతూనే ఉన్నాడు.

త్రినాథరావు ఇంజను ఆపేశాడు. ఆ నిశ్శబ్దంలో అతనికి మొదటిసారి ఆ పేరు సరిగ్గా వినబడింది. చేతిలోని కాగితం పొట్లాన్ని చూసుకున్నాడు, కుముదిని చేతిలోని కంచాన్ని చూశాడు. ఇరవయ్యేళ్ళ యార్డు గొంతు పూచికపుల్లలా అయిపోయింది.

"చెల్లెమ్మా... నేను... సరేసమ్మా. సరేసు. జిగురు."

కుముదిని అతన్ని చూడలేదు. భర్త మొహం చూసింది. ఆ మొహంలో ఆశ్చర్యం లేకపోవడం చూసింది. ఆవిడ ఏడుస్తుందనుకుని సాహూ దీదీ భుజం మీద చెయ్యి వేసింది. కుముదిని ఏడవలేదు. నోట్లో ఉన్నది నెమ్మదిగా నమిలి మింగింది.

"మీకు సరిగ్గానే వినబడింది కదూ?"

"ఊఁ."

"అయినా లోపలే కూర్చున్నారు."

"పైకప్పు చేతిలో ఉంది."

వీధిలో ఎవరో నవ్వబోయి ఆగిపోయారు.

"సరే," అంది కుముదిని. గొంతు పెంచలేదు. పొద్దున్న పాలవాడికి రేపు అరలీటరు చాలని చెప్పినట్టు చెప్పింది. "వీళ్ళందర్నీ చూడండి. మనవాడు వచ్చాడని పరిగెత్తుకొచ్చారు. రాలేదని మీరే చెప్పండి. అది ఏమిటో, ఎందుకు తెప్పించారో అన్నీ చెప్పండి. ఆ రోజు వాణ్ణి అన్న మాట అందరి ముందూ అన్నారుగా. ఇది కూడా అందరి ముందే చెప్పండి."

"నేను సెప్పెస్తాను బావా..." అంటూ ముందుకొచ్చాడు త్రినాథరావు.

"నువ్వాగు అన్నయ్యా. మా అబ్బాయి గురించి వాళ్ళ నాన్నే చెప్తారు."

గురునాథరావు గడప దిగాడు. ప్యాటర్న్ షాపులో కొత్త కుర్రాళ్ళకి పని నేర్పేటప్పటి గొంతు వచ్చింది అతనికి. వేరే గొంతు ఏదీ అందుబాటులో లేదు.

"సురేసు రాలేదండీ. వచ్చింది సరేసు. మీరు ఒక అక్షరం తేడాగా విన్నారు. సరేసంటే జిగురు."

"అరే! సరేస్?" సాహూ దీదీ నుదురు కొట్టుకుంది. "లక్డీ చిప్కానే వాలా సరేస్?"

"హాఁ దీదీ, కర్ర అతికించేదే. పశువుల తోళ్ళు, గిట్టలు, కొమ్ములు ఉడకబెట్టి తీస్తారు."

"ఛీఛీ!" అని వెనక్కి అడుగేసింది పోలమ్మ. "మడి కట్టుకున్నదాన్ని కాకపోయినా మద్దేనంపూట కొమ్ములు ముట్టనేను తల్లీ!"

"రైల్లో మనుషులు పడిపోతున్నారు," అని కొనసాగించాడు గురునాథరావు. "చాలా జిగుర్లు చూశాను. కొన్ని పట్టవు. ఒకటి పట్టింది గానీ, పొరపాటున వంకరగా అతికితే ఇంక దిద్దుకోడానికి లేదు. మనిషి విరుగుతాడు గానీ ఊడడు. సరేసు అలా కాదు. వేడినీళ్ళు తగిలితే వదిలేస్తుంది. మనిషికి దెబ్బ తగలదు. మళ్ళీ సరిగ్గా కూర్చోబెట్టుకోవచ్చు. అందుకని... తెప్పించాను."

ఇక్కడితో చెప్పవలసింది అయిపోయింది. వీధి ఇంకా నిలబడే ఉంది. కుముదిని ఇంకా చూస్తూనే ఉంది. గురునాథరావు చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్ళింది. గళ్ళ చొక్కా వాణ్ణి తీసి అరచేతిలో పెట్టి చూపించాడు.

నీలం మీద తెల్ల గళ్ళు, ఒక్కొక్కటీ ఆవగింజంత. కుడి చెవి ఎడమ చెవి కంటే పిసరంత పెద్దది, సురేసుకి ఉన్నట్టే. కుముదిని దగ్గరికి వచ్చి ఆ బొమ్మని రెండు వేళ్ళతో తీసుకుంది. గోధుమపిండి గళ్ళలో చేరింది.

"ఎప్పుడు చేశారు?"

"మూడు వారాలయింది."

"జేబులోనే ఉందా?"

"ఎక్కడ పెట్టాలో తెలీలేదు."

ఆవిడ దాన్ని వెనక్కి ఇవ్వలేదు. కంచంలో పెట్టింది. స్టీలు మీద కర్ర టిక్కుమని చిన్న చప్పుడు చేసింది. తెల్లవారుజామున రోలింగ్ మిల్లు కూతకైనా కదలని గురునాథరావు ఆ చప్పుడికి రెప్ప వేశాడు.

ఇంక జనం కదలాలి. ఎలా కదలాలో ఎవరికీ తెలీలేదు. అప్పలసూరి లుంగీ దించుకుని, "పోనీలెండి బాబూ, ఎప్పుడో ఒకప్పుడు..." అని, వాక్యం పట్టు దొరక్క వదిలేశాడు. సాహూ దీదీ పళ్ళెం అరుగు మీద పెట్టేసింది, తిరిగి తీసుకెళ్ళడం బావుండదని. త్రినాథరావు నేరస్తుడిలా పొట్లాం కుముదినికి అందించాడు.

"నానబెట్టాలమ్మా," అన్నాడు గొణుగుతున్నట్టు.

కుముదిని పొట్లాం అందుకుంది. కాగితాలు పారెయ్యని మనిషి. మనసెక్కడున్నా చేతులు కాగితాన్ని విప్పి, మడత సరిచేసి, దాచుకుంటాయి. పైన హిందీ పేపరు. విప్పింది, గేటు గోడ మీద పరిచి అరచేత్తో నునుపు చేసింది. లోపల పాత బెల్లంలా ముదురు గోధుమరంగు పలకలు నాలుగు. వాటి చుట్టూ ఇంకో కాగితం, గీతల నోటుపుస్తకంలోంచి చింపింది. అదీ విప్పింది. అదీ నునుపు చేసింది.

చెయ్యి సగంలో ఆగిపోయింది.

కాగితం మీద నాలుగు వరసలు, పెన్సిలుతో. తెలుగులో. ప్రతి మాట నెత్తినా పొడుగ్గా ఒక గీత.

"ఏటమ్మా?" అంది పోలమ్మ.

కుముదిని పైకి చదివింది. ఆవిడ గొంతు మొదటి వరస దాకా మామూలుగానే ఉంది.

"రాత్రంతా చల్లనీళ్ళలో నానబెట్టాలి. నేరుగా పొయ్యి మీద పెట్టకూడదు, మాడిపోతుంది. గిన్నెలో గిన్నె పెట్టి కరిగించాలి." తర్వాత ఆగింది. "వంకరగా కూర్చుంటే భయం లేదు. వేడినీళ్ళు పోస్తే వదులుతుంది. మళ్ళీ అతుకుతుంది."

అతుకుతుంది అన్నమాట మీది గీత మిగతా గీతల కంటే లావుగా ఉంది. రెండుసార్లు దిద్దినట్టు.

గురునాథరావు వచ్చి కాగితం మీద వేలు పెట్టాడు. పొర ఉన్న వేలు. ఏమీ తెలియలేదు. గోటితో ఆ పొర అంచు లేపి, చర్రున లాగేశాడు. కింద చర్మం ఎర్రగా, పచ్చిగా ఉంది. ఆ వేలితో మళ్ళీ ఆ గీత ముట్టుకున్నాడు. పెన్సిలు నొక్కిన గాడి తగిలింది.

"ఇది ఎవరిచ్చారు?" అన్నాడు. అది పని నేర్పే గొంతు కాదు.

త్రినాథరావుకి చెమట పట్టింది, నవంబరులో. "పార్థసారథని గూడ్సు గార్డు బావా. వాల్తేరు లైను మీదకెళ్తే సరేసు పట్రమ్మని నేనే సెప్పేను. ఎక్కడో వడ్రంగి షెడ్డుందట. ఎవరికని అడిగేరట. భిలాయిలో గురునాథరావు గారని, బొమ్మ రైల్లో మనుషుల్ని అంటించుకోడానికని సెప్పేడట. అక్కడ పనిచేసే కుర్రాడొకడు అది విని సేతిలో పని కింద పెట్టీసేడట. అప్పుడు లోపలికెళ్ళి, ఈ కాగితం సుట్టి పట్టుకొచ్చేడట. ఏ ఊరో నేనడగలేదు. జిగురు ఏ ఊరిదైతే ఏటిలే అనుకున్నాను."

"గార్డు ఎక్కడున్నాడు?"

"చరోదా రన్నింగ్ రూములో పడుకున్నాడు. రెండింటికి బండి తీసీసుకుని ఎల్లిపోతాడు. మళ్ళీ ఇటొచ్చేది ఎప్పుడో ఆడికే తెలీదు."

లోపల గోడ గడియారం ఒంటిగంట కొట్టింది.

త్రినాథరావు స్కూటరు కిక్కు కొట్టాడు. అంటుకోలేదు. మళ్ళీ కొట్టాడు. అంటుకుంది. దాని వెనక సీటు ఒక్కటే. త్రినాథరావు ఆకారానికి ఆ ఒక్కటి మిగలడమే గొప్ప. సీటుకి ఇటు, ఆ రోజు ఆ మాట అన్న మనిషి, పొర ఊడిన వేలు నోట్లో పెట్టుకుని. అటు, ఆ పేరు విన్న మనిషి, కంచంలో కొడుకుని పెట్టుకుని. ఇద్దరూ ఒకేసారి సీటు మీద చెయ్యి వేశారు. ఎవరూ చెయ్యి తియ్యలేదు.

ఏం జరిగిందో సరిగ్గా వినబడని వీధి చివరివాళ్ళు "ఏటట? కుర్రాడు రాలేదా? అబద్ధమేనా?" అని అడుగుతున్నారు. పోలమ్మ అరుగెక్కింది. ఇందాక చేరవేసిన బరువుని సరైన చోట దించే అవకాశం రోజూ రాదు. తడి జుట్టు వెనక్కి విసిరి, చరోదా యార్డుకి కూడా వినబడేలా కేక పెట్టింది.

"నాను తప్పు సెప్పనేదర్రా! వొచ్చింది సరేసే! పంపింది సురేసు!"